పీనియిడే

పీనియిడే అనేది సముద్రపు రొయ్యల కుటుంబం. ఇది ఆర్థ్రోపోడా వర్గంలోని క్రస్టేషియన్లలో, పది కాళ్ళ జీవులైన డెకాపోడా క్రమానికి చెందినది. మన దేశంలో విరివిగా లభించే టైగర్ రొయ్య, తెల్ల రొయ్య, చెరువులలో పెంచే వనామీ రొయ్య ఈ కుటుంబానికి చెందినవే. ఈ కుటుంబంలో సుమారు 26 సజీవ ప్రజాతులు, రెండు వందలకు పైగా జాతులు కలవు. వీటితోపాటు శిలాజాల ద్వారా మాత్రమే తెలిసిన ప్రజాతులు కూడా అనేకం ఉన్నాయి. ఈ రొయ్యల గుడ్లు తల్లి పొట్టకు అంటుకొని ఉండవు. అవి నేరుగా సముద్రపు నీటిలోకి విడుదల అవుతాయి. గుడ్డు నుండి నాప్లియస్ అనే సరళమైన డింభకం వెలువడుతుంది. మొప్పలు చెట్టు కొమ్మలవలె శాఖోపశాఖలుగా ఉంటాయి. ఈ మూడు లక్షణాలు ఈ కుటుంబాన్ని, దాని సమీప బంధువులను మిగిలిన రొయ్యలు, పీతల నుండి వేరుచేస్తాయి.

శాస్త్రీయ వర్గీకరణ

రాజ్యం: జంతువులు
వర్గం: ఆర్థ్రోపోడా
ఉపవర్గం: క్రస్టేషియా
తరగతి: మలకోస్ట్రాకా
క్రమం: డెకాపోడా
ఉపక్రమం: డెండ్రోబ్రాంకియేటా
అధికుటుంబం: పీనియోయిడియా
కుటుంబం: పీనియిడే (రఫినెస్క్, 1815)
మాదిరి ప్రజాతి: పీనియస్ (ఫాబ్రిషియస్, 1798)

పేరు, అధ్యయన చరిత్ర

డెన్మార్క్ దేశానికి చెందిన ప్రకృతి శాస్త్రవేత్త యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రిషియస్ 1798లో పీనియస్ ప్రజాతిని ఏర్పరచి, అందులో టైగర్ రొయ్యకు పీనియస్ మోనోడాన్ అని పేరు పెట్టాడు. కాన్‌స్టాంటైన్ శామ్యూల్ రఫినెస్క్ 1815లో ఈ కుటుంబాన్ని ప్రతిపాదించాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ మిల్నే ఎడ్వర్డ్స్ 1837లో మన తీరాలలో దొరికే తెల్ల రొయ్యను పీనియస్ ఇండికస్ అనే పేరుతో వర్ణించాడు. పీనియస్ మోనోడాన్ అనే పేరును చాలాకాలం వేర్వేరు రచయితలు వేర్వేరు రొయ్యలకు వాడుతూ వచ్చారు. డచ్చి శాస్త్రవేత్త లిప్కె హోల్థుయిస్ 1949లో ఈ గందరగోళాన్ని పరిష్కరించాడు.

1872–76 మధ్య ప్రపంచ సముద్రాలను పరిశోధించిన ఛాలెంజర్ నౌక సేకరించిన రొయ్యలను ఛార్లెస్ స్పెన్స్ బేట్ పరిశీలించి 1888లో తన నివేదికను ప్రచురించాడు. మొప్పల నిర్మాణం ఆధారంగా డెండ్రోబ్రాంకియేటా అనే పేరును ప్రవేశపెట్టినది ఇతడే. ఆ మాటకు 'చెట్టువంటి మొప్పలు కలవి' అని అర్థం. భారతదేశంలో ఈ రంగంలో మొదటి సమగ్ర గ్రంథాన్ని కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ విలియం ఆల్కాక్ రచించాడు. మ్యూజియంలోని పీనియస్ వర్గపు రొయ్యలను వివరించే ఈ సూచీ 1906లో వెలువడింది.

వనామీ అనే మాట వెనుక కూడా ఒక వ్యక్తి పేరు ఉంది. పసిఫిక్ తీరపు ఈ తెల్ల రొయ్యను 1931లో వర్ణించిన లీ బూన్, అమెరికా శాస్త్రవేత్త విల్లర్డ్ వాన్ నేమ్ పేరు మీదుగా దానికి వన్నామేయి అని జాతి నామం పెట్టింది. అదే ఆక్వా రైతుల నోట వనామీగా స్థిరపడింది.

శరీర నిర్మాణం

పీనియిడే రొయ్యల శరీరం రెండు పక్కల నుండి నొక్కినట్లుగా ఉంటుంది. శరీరంలో శిరోవక్షం, ఉదరం అనే రెండు భాగాలు ఉంటాయి. తల, వక్షం కలిసిపోయి ఏర్పడిన శిరోవక్షాన్ని పృష్ఠకవచం కప్పి ఉంచుతుంది. ఈ కవచం ముందుభాగం రంపం వంటి ముల్లుగా సాగి ఉంటుంది. దీనిని రోస్ట్రమ్ అంటారు. రోస్ట్రమ్ మీద పై అంచున, కింది అంచున ఉండే పళ్ళ సంఖ్య జాతులను గుర్తించడానికి ముఖ్యమైన ఆధారం. టైగర్ రొయ్యలో సాధారణంగా పైన 7 లేదా 8, కింద 3 పళ్ళు ఉంటాయి. మెటాపీనియస్ ప్రజాతి రొయ్యలకు కింది అంచున పళ్ళు ఉండవు.

తలభాగంలో కాడల చివర అమరిన రెండు సంయుక్త నేత్రాలు, రెండు జతల స్పర్శశృంగాలు ఉంటాయి. రెండవ జత స్పర్శశృంగాలు శరీరం కంటె పొడవుగా పెరుగుతాయి. 'రొయ్యకు లేదా బారెడు మీసం' అనే తెలుగు సామెతలోని మీసాలు ఇవే. ఇవి స్పర్శకు, నీటి కదలికలను గుర్తించడానికి ఉపయోగపడతాయి.

వక్షభాగంలో ఐదు జతల నడక కాళ్ళు ఉంటాయి. వీటిలో మొదటి మూడు జతల చివర చిన్న పట్టుకారులు ఉంటాయి. ఉదరం ఆరు ఖండితాలుగా ఉంటుంది. మొదటి ఐదు ఖండితాల అడుగున ఐదు జతల ఈతకాళ్ళు ఉంటాయి. ఆరవ ఖండితానికి చెందిన ఉపాంగాలు, టెల్సన్ అనే కొన ముల్లు కలిసి విసనకర్ర వంటి తోకను ఏర్పరుస్తాయి. ప్రమాదం ఎదురైనప్పుడు రొయ్య ఉదరాన్ని ఒక్కసారిగా ముడిచి వెనుకకు దూకుతుంది. మనం తినే కండ అంతా ప్రధానంగా ఈ ఉదర కండరాలే.

రొయ్య గుండె శిరోవక్షంలో ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం రాగి కలిగిన హీమోసయనిన్. పైపెంకులోని ఆస్టాజాంథిన్ అనే ఎర్రని వర్ణకం బతికి ఉన్నప్పుడు ప్రోటీన్లతో కలిసి నీలి, గోధుమ ఛాయలలో కనిపిస్తుంది. వండినప్పుడు వేడికి ప్రోటీన్ విడిపోవడం వలన రొయ్య ఎర్రబడుతుంది.

మగ రొయ్యలో మొదటి జత ఈతకాళ్ళ లోపలి శాఖలు కలిసి పెటాస్మా అనే అవయవంగా మారతాయి. ఆడ రొయ్యలో చివరి నడక కాళ్ళ మధ్య థెలికమ్ అనే భాగం ఉంటుంది. మగ రొయ్య అందించే శుక్రకణాల పొట్లం ఇక్కడ నిలుస్తుంది. పెటాస్మా, థెలికమ్‌ల ఆకారం ప్రతి జాతిలోనూ ప్రత్యేకంగా ఉంటుంది. కనుక వర్గీకరణలో వీటికి చాలా ప్రాధాన్యం ఉంది. సాధారణంగా ఆడ రొయ్యలు మగవాటి కంటె పెద్దవిగా పెరుగుతాయి. ఈ కుటుంబంలో అతి పెద్దదైన టైగర్ రొయ్య 33 సెంటీమీటర్ల పొడవు వరకు పెరుగుతుంది.

ఇతర రొయ్యలతో భేదాలు

తెలుగులో రొయ్య అనే మాట వేర్వేరు వంశాలకు చెందిన జీవులను కలిపి సూచిస్తుంది. స్కాంపి అని పిలిచే మంచినీటి రొయ్య (మాక్రోబ్రాకియమ్ రోజెన్‌బెర్గి) చూపులకు టైగర్ రొయ్యను పోలి ఉన్నా, అది కారిడియా అనే వేరే సమూహానికి చెందినది. ఈ రెంటి మధ్య ప్రధాన భేదాలు ఇవి:

* మొప్పలు: పీనియిడేలో కొమ్మలుగా చీలిన మొప్పలు, కారిడియాలో పుస్తకపు పుటల వంటి పలుచని రేకుల మొప్పలు ఉంటాయి.
* గుడ్లు: పీనియిడే గుడ్లను నీటిలోకి వదిలేస్తాయి. కారిడియా ఆడ రొయ్యలు పొదిగే వరకు ఈతకాళ్ళకు అంటించుకొని మోస్తాయి.
* డింభకం: పీనియిడేలో గుడ్డు నుండి నాప్లియస్ వెలువడుతుంది. కారిడియాలో నాప్లియస్ దశ గుడ్డులోనే ముగిసి, ఇంకా ఎదిగిన జోయియా దశ బయటికి వస్తుంది.
* కాళ్ళు: పీనియిడేలో మూడు జతల నడక కాళ్ళకు పట్టుకారులు ఉంటాయి. కారిడియాలో గరిష్ఠంగా మొదటి రెండు జతలకే ఉంటాయి.
* ఉదరం: కారిడియాలో రెండవ ఉదర ఖండితపు పక్క పలక, ముందున్న మొదటి పలకను, వెనుకనున్న మూడవ పలకను కూడా కప్పుతుంది. పీనియిడేలో ప్రతి పలక తన వెనుకదానిని మాత్రమే కప్పుతుంది.

బజారులో కొన్న రొయ్యను పరిశీలించి కూడా చివరి రెండు భేదాలను సులభంగా గుర్తించవచ్చు.

పూర్వం ఈదే డెకాపోడులన్నింటినీ నటాంటియా అని, పాకేవాటిని రెప్టాంటియా అని విభజించేవారు. మార్టిన్ బర్కెన్‌రోడ్ 1963లో ఈ విభజనను తోసిపుచ్చి, డెకాపోడాను డెండ్రోబ్రాంకియేటా, ప్లియోసయమేటా అనే రెండు ఉపక్రమాలుగా విడగొట్టాడు. గుడ్లను మోసే రొయ్యలు, ఎండ్రకాయలు, పీతలు అన్నీ రెండవదానిలో చేరాయి. తరువాతి జన్యు పరిశోధనలు ఈ విభజనను సమర్థించాయి. దీని ప్రకారం స్కాంపి రొయ్యకు టైగర్ రొయ్య కంటె పీత దగ్గరి బంధువు. రూపంలో పోలిక బంధుత్వానికి నిదర్శనం కాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

జీవిత చక్రం

ఈ కుటుంబంలోని అనేక జాతుల జీవితం సముద్రానికి, నదీముఖాలకు మధ్య రెండు భాగాలుగా సాగుతుంది. పెద్ద రొయ్యలు సముద్రంలో జతకట్టి, సాధారణంగా రాత్రివేళ గుడ్లు పెడతాయి. బాగా ఎదిగిన టైగర్ రొయ్య ఒక్కసారికి కొన్ని లక్షల గుడ్లు పెడుతుంది. గుడ్లు వెలువడేటప్పుడే థెలికమ్‌లో నిలువ ఉన్న శుక్రకణాలు విడుదలై నీటిలో ఫలదీకరణ జరుగుతుంది. సుమారు 12 నుండి 18 గంటలలో గుడ్లు పొదుగుతాయి.

ఆ తరువాత దశలు ఈ వరుసలో ఉంటాయి:

1. నాప్లియస్: మూడు జతల ఉపాంగాలు, ఒకే కన్ను గల సూక్ష్మ డింభకం. ఇది ఆహారం తీసుకోదు. గుడ్డులోని సొనతోనే జీవిస్తుంది.
2. ప్రోటోజోయియా: మూడు ఉపదశలు ఉంటాయి. ఈ దశలో వృక్ష ప్లవకాలను తినడం మొదలవుతుంది.
3. మైసిస్: దీనిలోనూ మూడు ఉపదశలు ఉంటాయి. రూపం రొయ్యకు దగ్గరగా వస్తుంది. జంతు ప్లవకాలను కూడా తింటుంది.
4. పోస్ట్ లార్వా: చిన్న రొయ్య రూపం. ఈతకాళ్ళతో ముందుకు ఈదుతుంది, క్రమంగా అడుగున చేరుతుంది.

పోస్ట్ లార్వాలు అలల, ప్రవాహాల సాయంతో తీరానికి చేరి నదీముఖాలు, ఉప్పుటేర్లు, మడ అడవుల నీటిలోకి ప్రవేశిస్తాయి. అక్కడ ఆహారం సమృద్ధిగా ఉంటుంది. మడ చెట్ల వేళ్ళు, బురద, నీటిగడ్డి వాటికి ఆశ్రయం ఇస్తాయి. కొన్ని నెలలు పెరిగిన తరువాత అవి తిరిగి సముద్రానికి పోయి అక్కడ ప్రౌఢ దశకు చేరుతాయి. గోదావరి ముఖంలోని కోరింగ మడ అడవులు, పులికాట్ సరస్సు ఇటువంటి పెంపక స్థలాలకు ఉదాహరణలు. చాలా జాతుల ఆయుష్షు ఒకటి రెండు సంవత్సరాలే. లక్షల గుడ్లలో ప్రౌఢ దశకు చేరేవి చాలా కొద్ది. అందుచేత మడ అడవి నరికివేతకు గురైనా, ఏటి మొగ మూసుకుపోయినా దాని ప్రభావం త్వరలోనే సముద్రంలో దొరికే రొయ్యల మీద పడుతుంది.

రొయ్య పెరుగుదల కుబుసం విడవడం ద్వారా జరుగుతుంది. పాత పెంకును విడిచిన వెంటనే శరీరం మెత్తగా ఉండి నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, తరువాత కొత్త పెంకు గట్టిపడుతుంది. టైగర్ రొయ్య వంటి మూసిన థెలికమ్ గల జాతులలో ఆడ రొయ్య కుబుసం విడిచి మెత్తగా ఉన్నప్పుడు మగ రొయ్య జతకడుతుంది. వనామీ వంటి తెరిచిన థెలికమ్ గల జాతులలో ఆడ రొయ్య పెంకు గట్టిగా, అండాశయం పక్వంగా ఉన్నప్పుడు జతకట్టడం జరుగుతుంది.

నాప్లియస్, పరిణామ సిద్ధాంతం

పీనియిడే డింభకానికి జీవశాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. చార్లెస్ డార్విన్ 1859లో పరిణామ సిద్ధాంతాన్ని ప్రచురించిన తరువాత, బ్రెజిల్‌లో స్థిరపడిన జర్మను ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రిట్జ్ ముల్లర్ ఆ సిద్ధాంతాన్ని ఒకే జంతు సమూహం మీద పరీక్షించ దలచి క్రస్టేషియన్లను ఎంచుకున్నాడు. అప్పటికి నాప్లియస్ డింభకం కోపిపోడులు, రాళ్ళకు అంటుకొని బతికే బార్నకిల్స్ వంటి సరళమైన క్రస్టేషియన్లలోనే ప్రసిద్ధం. రొయ్యలు, పీతలు జోయియా దశతోనే పుట్టుతాయని భావించేవారు. ముల్లర్ బ్రెజిల్ తీరపు సముద్రజలాలలో ఒక రొయ్య నాప్లియస్‌ను గుర్తించి, దాని తరువాతి దశలను వరుసగా పేర్చి చూపాడు.

ఇంత భిన్నమైన జీవులు ఒకే రకమైన డింభకంతో జీవితాన్ని ప్రారంభించడానికి కారణం వాటికి పూర్వం ఒకే మూలజీవి ఉండటమేనని ముల్లర్ వాదించాడు. 1864లో జర్మను భాషలో వెలువడిన ఇతని గ్రంథాన్ని డార్విన్ శ్రద్ధ తీసుకొని ఆంగ్లంలోకి అనువదింపజేశాడు. ఆ అనువాదం 1869లో ప్రచురితమైంది.

వ్యాప్తి, ఆవాసం, ఆహారం

ఈ కుటుంబపు రొయ్యలు ప్రధానంగా ఉష్ణ, ఉపోష్ణ మండల సముద్రాలలో నివసిస్తాయి. ఎక్కువ జాతులు తీరానికి దగ్గరగా, ఇసుక లేదా బురద నేల గల తక్కువ లోతు నీటిలో ఉంటాయి. ఫంకాలియా, పెలాగోపీనియస్ వంటి కొన్ని ప్రజాతులు మాత్రం నేలను విడిచి బహిరంగ సముద్రంలో ఈదుతూ బతుకుతాయి. అనేక జాతులు పగటిపూట బురదలో పూడుకొని రాత్రివేళ ఆహారానికి బయలుదేరుతాయి. కుళ్ళుతున్న సేంద్రియ పదార్థం, నాచు, పురుగులు, చిన్న నత్తలు, ఇతర చిన్న క్రస్టేషియన్లు వీటి ఆహారం. చేపలు, పీతలు, పక్షులు వీటిని తింటాయి.

టైగర్ రొయ్య సహజంగా తూర్పు ఆఫ్రికా తీరం నుండి జపాను, ఆస్ట్రేలియా వరకు వ్యాపించి ఉంది. 1988లో అమెరికాలోని దక్షిణ కెరొలినా రాష్ట్రంలో ఒక పెంపక కేంద్రం నుండి సుమారు రెండు వేల రొయ్యలు ప్రమాదవశాత్తు సముద్రంలో కలిశాయి. 2006 తరువాత అమెరికా ఆగ్నేయ తీరంలో, మెక్సికో సింధుశాఖలో టైగర్ రొయ్యలు మళ్ళీ కనిపించసాగాయి. ఇప్పుడు అక్కడ దానిని పరాయి జాతిగా పరిగణిస్తున్నారు.

ముఖ్యమైన సజీవ ప్రజాతులు

* పీనియస్: టైగర్ రొయ్య (మోనోడాన్), పచ్చ టైగర్ రొయ్య (సెమిసల్కేటస్) ఇందులోనివి. సెమిసల్కేటస్ స్పర్శశృంగాల మీద ఎరుపు తెలుపు పట్టీలు ఉంటాయి, మోనోడాన్‌కు ఉండవు.
* ఫెన్నెరోపీనియస్: మన తెల్ల రొయ్య (ఇండికస్), అరటి రొయ్య (మెర్గుయెన్సిస్), చైనా తెల్ల రొయ్య (కైనెన్సిస్).
* లిటోపీనియస్: అమెరికా ఖండాల తెల్ల రొయ్యలు. వనామీ, సెటిఫెరస్ ముఖ్యమైనవి. సెటిఫెరస్‌ను లిన్నేయస్ 1767లోనే వర్ణించాడు.
* ఫర్‌ఫాంటెపీనియస్: అట్లాంటిక్, తూర్పు పసిఫిక్ తీరాల గోధుమ, గులాబి రొయ్యలు.
* మార్సుపీనియస్: జపానులో కురుమా అని పిలిచే రొయ్య.
* మెలిసెర్టస్: మధ్యధరా సముద్రపు కెరాథురస్ మొదలైనవి.
* మెటాపీనియస్: మోనోసెరస్, డాబ్సొని, అఫినిస్ మొదలైనవి. భారత తీరాలలో విస్తారంగా దొరుకుతాయి.
* పారాపీనియాప్సిస్: స్టైలిఫెరా మొదలైన చిన్న రొయ్యలు. అరేబియా సముద్ర తీరంలో ముఖ్యం.
* మెటాపీనియాప్సిస్: ఈ కుటుంబంలో అత్యధిక జాతులు గల ప్రజాతి. ఇందులో డెబ్బైకి పైగా జాతులు కలవు.
* జిఫోపీనియస్: పొడవైన కత్తి వంటి రోస్ట్రమ్ గలది. అట్లాంటిక్ తీరంలో వేటాడతారు.
* ఆర్టెమీసియా: దక్షిణ అమెరికా తీరంలో దొరికే రొయ్య.

ఇవి కాక పీనియాప్సిస్, పారాపీనియస్, ట్రాకీపీనియస్, అటిపోపీనియస్, హెటెరోపీనియస్, మాక్రోపెటాస్మా మొదలైన ప్రజాతులు కూడా ఉన్నాయి.

పీనియస్ ప్రజాతి విభజన

1997లో క్యూబాలో జన్మించిన శాస్త్రవేత్త ఇసబెల్ పెరెజ్ ఫర్‌ఫాంటె, బ్రయన్ కెన్స్‌లే కలిసి ప్రపంచంలోని పీనియస్ వర్గపు రొయ్యల మీద ఒక బృహద్గ్రంథం వెలువరించారు. అందులో అంతవరకు పీనియస్‌లో ఉపప్రజాతులుగా ఉన్నవాటిని పూర్తి ప్రజాతులుగా పేర్కొన్నారు. పై జాబితాలోని ఫెన్నెరోపీనియస్, లిటోపీనియస్, ఫర్‌ఫాంటెపీనియస్, మార్సుపీనియస్, మెలిసెర్టస్ ఇలా వచ్చినవే. వీటిలో మార్సుపీనియస్ అనే పేరును 1971లో పాకిస్తాను శాస్త్రవేత్త నసీమా తిర్మిజీ ప్రవేశపెట్టింది. ఫర్‌ఫాంటెపీనియస్ అనే పేరు పెరెజ్ ఫర్‌ఫాంటె గౌరవార్థం పెట్టినది.

ఈ మార్పును అందరూ అంగీకరించలేదు. రొయ్యల వ్యాధుల మీద పనిచేసిన టిమోథీ ఫ్లెగెల్ 2007లో ఒక వ్యాసం రాస్తూ, కొత్త పేర్లను తిరస్కరించే స్వేచ్ఛ పరిశోధకులకు ఉన్నదని వాదించాడు. 2011లో మా, చాన్, చూ అనే శాస్త్రవేత్తలు జన్యువుల ఆధారంగా చేసిన పరిశోధనలో ఈ ఆరు ప్రజాతులలో కొన్ని సహజ సమూహాలు కావని తేలింది. వారు పాత విశాలమైన పీనియస్ ప్రజాతికే తిరిగి వెళ్ళాలని సూచించారు. ఈ కారణంగా నేటికీ వనామీ రొయ్యను కొన్ని గ్రంథాలలో పీనియస్ వన్నామేయి అని, మరికొన్నింటిలో లిటోపీనియస్ వన్నామేయి అని రాస్తున్నారు. రెండు పేర్లు సూచించే జీవి ఒకటే.

సజీవ బంధువులు

డెండ్రోబ్రాంకియేటా ఉపక్రమంలో పీనియోయిడియా, సెర్జెస్టోయిడియా అనే రెండు అధికుటుంబాలు కలవు. ఉపక్రమం మొత్తంలో ఐదు వందలకు పైగా సజీవ జాతులు ఉన్నాయి. పీనియిడే కాక మిగిలిన సజీవ కుటుంబాలు:

* అరిస్టియిడే: లోతైన సముద్రపు ఎర్ర రొయ్యలు. భారత సముద్రజలాలలో దొరికే అరిస్టియస్ ఆల్కాకి పేరు ఆల్కాక్ గౌరవార్థం పెట్టినది. మధ్యధరా సముద్రంలో అరిస్టియస్ ఆంటెన్నేటస్ విలువైన రొయ్య.
* బెంథెసిసిమిడే: ఇవి కూడా లోతు సముద్రపు రొయ్యలు. పెంకు మెత్తగా ఉంటుంది.
* సొలెనోసెరిడే: సొలెనోసెరా ప్రజాతిలో లఘు స్పర్శశృంగాలు కలిసి గొట్టంగా ఏర్పడతాయి. రొయ్య బురదలో పూడుకున్నప్పుడు ఈ గొట్టం ద్వారా మొప్పలకు నీరు చేరుతుంది.
* సిసియోనిడే: రాతి వలె గట్టి పెంకు గల చిన్న రొయ్యలు.
* సెర్జెస్టిడే: చిన్న, పలుచని శరీరం గల ఈదే రొయ్యలు. గుంపులు గుంపులుగా తీరానికి వచ్చే అసీటిస్ ప్రజాతి ఇందులోనిదే. ఆసియా దేశాలలో వీటిని ఎండబెట్టి, ముద్దగా నూరి ఆహారంగా వాడతారు.
* లూసిఫెరిడే: సన్నని సూదివంటి ప్లవక జీవులు. వీటికి మొప్పలు ఉండవు. గుడ్లను నీటిలోకి వదిలే ఈ ఉపక్రమంలో లూసిఫెర్ ఒక మినహాయింపు. ఆడ జీవి గుడ్లను కొంతసేపు కాళ్ళకు అంటించుకొని మోస్తుంది.

విలుప్త బంధువులు

పీతల పెంకులో సున్నం అధికంగా ఉండటం వలన అవి శిలాజాలుగా సులభంగా నిలుస్తాయి. రొయ్యల పెంకు పలుచన. అది త్వరగా శిథిలమవుతుంది. కనుక అలలు లేని ప్రశాంతమైన నీటి అడుగున, ఆక్సిజన్ తక్కువగా ఉండి, సన్నని బురద త్వరగా కప్పివేసిన చోట్ల మాత్రమే రొయ్య శిలాజాలు ఏర్పడతాయి. అటువంటి స్థలాలు ప్రపంచంలో కొద్ది.

ఇంతవరకు తెలిసిన అతి ప్రాచీన రొయ్య శిలాజం అసిక్యులోపోడా మాపెసి. ఇది అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో డెవోనియన్ యుగాంతపు శిలలలో లభించింది. వయస్సు సుమారు 36 కోట్ల సంవత్సరాలు. రోడ్నీ ఫెల్డ్‌మన్, క్యారీ ష్వైట్జర్ 2010లో దీనిని వర్ణించారు. ఈ శిలాజంలో ఉదర కండరాలు సైతం నిలిచి ఉండటం విశేషం. దీనిని డెండ్రోబ్రాంకియేటాలో చేర్చారు.

పీనియిడే కుటుంబంలో చేర్చిన ప్రాచీన శిలాజాలలో మడగాస్కరు ద్వీపపు అంబిలోబియా, ఇఫాస్యా ప్రజాతులు ముఖ్యమైనవి. ఇవి సుమారు 25 కోట్ల సంవత్సరాల నాటి తొలి ట్రయాసిక్ శిలలలో లభించాయి. భూమి మీద అత్యధిక జాతులు నశించిన పెర్మియన్ యుగాంతపు మహావిలయం తరువాత కొద్దికాలానికే ఇవి జీవించాయి.

జర్మనీలోని బవేరియా ప్రాంతపు జోల్న్‌హోఫెన్ సున్నపురాయి సుమారు 15 కోట్ల సంవత్సరాల నాటిది. ఆదిపక్షి ఆర్కియోప్టెరిక్స్ శిలాజాలకు ప్రసిద్ధి చెందిన ఈ రాతిలోనే అనేక రొయ్యలు కాళ్ళు, మీసాలతో సహా నిలిచి ఉన్నాయి. గెయోర్గ్ మున్‌స్టర్ 1839లో వీటిలో అనేక ప్రజాతులకు పేర్లు పెట్టాడు. ఈజెర్, బిల్జియా, కోల్గా వంటి పేర్లు ఉత్తర ఐరోపా పురాణాలలోని సముద్ర దేవుడు, అతని కుమార్తెల పేర్ల నుండి వచ్చాయి. ఆంట్రింపోస్, బిల్జియా, డ్రోబ్నా, డూసా, కోల్గా, రౌనా ప్రజాతులను పీనియిడేలో చేర్చారు. ఆంట్రింపోస్ చూపులకు నేటి పీనియస్‌ను ఎంతో పోలి ఉంటుంది.

లెబనాన్‌లోని హాకెల్, హజూలా ప్రాంతాలలో క్రెటేషియస్ యుగపు సున్నపురాళ్ళ నుండి లిబనోకారిస్, హాకెలోకారిస్ మొదలైనవి లభించాయి. మొరాకో నుండి 2006లో వర్ణించిన క్రెటాపీనియస్ కూడా ఈ యుగానిదే.

పూర్తిగా విలుప్తమైన కుటుంబాలు రెండు:

* ఈజెరిడే: ఈజెర్, అకాంథోకిరానా ప్రజాతులు. ఈజెర్ నోటి దగ్గరి మూడవ జత పాదహనువులు చాలా పొడవుగా, ముళ్ళతో నిండి ఉంటాయి. ఇది ట్రయాసిక్, జురాసిక్ శిలలలో లభిస్తుంది.
* కార్పోపీనియిడే: లెబనాన్ క్రెటేషియస్ శిలల కార్పోపీనియస్ దీని మాదిరి ప్రజాతి. దీనికి 1945లో పేరు పెట్టిన మార్టిన్ గ్లెస్నర్, ఆస్ట్రేలియాలోని ఎడియకారా శిలాజాల అధ్యయనానికి కూడా ప్రసిద్ధుడు. ఈ కుటుంబాన్ని 1994లో అలెస్సాండ్రో గరస్సినో ఏర్పరచాడు.

ఆర్థిక ప్రాముఖ్యత, పెంపకం

ప్రపంచ రొయ్యల వ్యాపారంలో పీనియిడే కుటుంబానిదే ప్రధాన స్థానం. కేరళలోని పొక్కాలి వరి పొలాలలో, పశ్చిమ బెంగాలు భేరీలలో ఆటుపోట్లతో లోపలికి వచ్చిన రొయ్య పిల్లలను బంధించి పెంచే పద్ధతి చిరకాలంగా ఉంది. ఆధునిక పెంపకానికి పునాది వేసినది జపాను శాస్త్రవేత్త మోతోసాకు ఫుజినాగా. ఇతడు 1930లలో కురుమా రొయ్య చేత ప్రయోగశాలలో గుడ్లు పెట్టించి, డింభకాలను పెంచి, ఆ ఫలితాలను 1942లో ప్రచురించాడు. తైవాన్‌లో ఐ-చియు లియావో 1968లో టైగర్ రొయ్య విషయంలో దీనిని సాధించాడు. ఒక తల్లి రొయ్య నుండి ఒకేసారి లక్షల నాప్లియస్‌లు లభించడం వలననే హేచరీల పరిశ్రమ సాధ్యమైంది.

బంధించిన టైగర్ రొయ్యలలో అండాశయం సులభంగా పక్వం కాదు. కంటికాడలోని గ్రంథి స్రవించే హార్మోను అండాశయాన్ని నిరోధిస్తుంది. అందుచేత హేచరీలలో ఒక కంటికాడను తొలగించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. జంతు సంక్షేమం దృష్ట్యా ఈ పద్ధతిపై అభ్యంతరాలు పెరిగి, దీనిని విడిచిపెట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

1990ల తొలి సంవత్సరాలలో నెల్లూరు, ప్రకాశం, కృష్ణా, గోదావరి జిల్లాల తీరాలలో టైగర్ రొయ్యల చెరువులు వేగంగా విస్తరించాయి. 1994లో తెల్లమచ్చల వ్యాధి భారతదేశంలో ప్రవేశించి ఈ పెంపకాన్ని దారుణంగా దెబ్బతీసింది. చెరువుల వలన తాగునీరు, పంటభూములు ఉప్పుబారుతున్నాయని, మడ అడవులు నశిస్తున్నాయని వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల చెరువులను నిషేధించి, పర్యవేక్షణకు ఒక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేయమని ఆదేశించింది. 2005లో తీర ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. 2023లో దీనిని సవరించారు.

భారత ప్రభుత్వం 2009లో వనామీ పెంపకాన్ని అనుమతించింది. ఈ రొయ్య సహజంగా మెక్సికో నుండి పెరూ ఉత్తర భాగం వరకు గల పసిఫిక్ తీరానిది. నిర్దిష్ట వ్యాధికారకాలు లేని తల్లి రొయ్యలు లభించడం, తక్కువ ఉప్పు గల నీటిలోనూ పెరగడం, ఎక్కువ సాంద్రతను తట్టుకోవడం దీని వ్యాప్తికి కారణాలు. దిగుమతి అయిన తల్లి రొయ్యలను చెన్నైలోని కేంద్రంలో వేరుగా ఉంచి, పరీక్షించిన తరువాతనే హేచరీలకు ఇస్తారు. ప్రపంచంలో 2020లో 58 లక్షల టన్నుల వనామీ రొయ్యలను పెంచినట్లు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలు తెలుపుతున్నాయి. భారతదేశం 2022–23లో 7.11 లక్షల టన్నుల శీతలీకరించిన రొయ్యలను ఎగుమతి చేసింది. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్ర ప్రదేశ్ ప్రథమ స్థానంలో ఉంది.

వ్యాధులు

* తెల్లమచ్చల వ్యాధి: వైరస్ వలన కలుగుతుంది. 1992–93లో తూర్పు ఆసియాలో బయటపడింది. కొద్ది రోజులలోనే చెరువులోని రొయ్యలన్నీ చనిపోవచ్చు.
* తీవ్ర కాలేయ-క్లోమ క్షయం: విబ్రియో బాక్టీరియా విషం వలన కలుగుతుంది. 2009 ప్రాంతంలో చైనాలో కనిపించింది. కారకాన్ని 2013లో గుర్తించారు.
* ఇ.హెచ్.పి.: సూక్ష్మ పరాన్నజీవి వలన వస్తుంది. దీనిని 2009లో థాయిలాండులో వర్ణించారు. రొయ్యలు చనిపోకపోయినా పెరుగుదల ఆగిపోతుంది.

రొయ్యలకు మనుషులవలె ప్రతిరక్షకాలను తయారుచేసే వ్యవస్థ లేదు. కాబట్టి సాధారణ పద్ధతిలో టీకాలు ఫలించవు. శుభ్రమైన సీడు, నీటి శుద్ధి, బయటి జీవులను చెరువులోనికి రానీయకపోవడం ప్రధాన రక్షణ మార్గాలు. 2019లో వనామీ జన్యుపటం ప్రచురితమైన తరువాత, వ్యాధులను తట్టుకొనే వంశాలను ఎంపిక చేసే పరిశోధన ఊపందుకున్నది.

పరిరక్షణ

సముద్రంలో రొయ్యల వేట ఎక్కువగా ట్రాల్ వలలతో జరుగుతుంది. ఈ వలలలో రొయ్యలతోపాటు చిన్న చేపలు, తాబేళ్ళు కూడా చిక్కుతాయి. తాబేళ్ళు తప్పించుకొనే సాధనం లేని వలలతో పట్టిన రొయ్యలను అమెరికా నిషేధించగా, భారతదేశం, మలేషియా, పాకిస్తాను, థాయిలాండు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998లో వెలువడిన నిర్ణయం ఆ నిషేధాన్ని అమలు చేసిన తీరును తప్పుపట్టినా, జీవజాతుల పరిరక్షణకు దేశాలు చర్యలు తీసుకొనే హక్కును గుర్తించింది. 2019లో భారతదేశపు సముద్రపు వేట రొయ్యలపై అమెరికా మళ్ళీ నిషేధం విధించింది.

సంతానోత్పత్తికి వీలుగా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక పడవల వేటను నిషేధిస్తారు. ఈ నిషేధం సముద్రంలోని తల్లి రొయ్యలను కాపాడుతుంది. పిల్ల రొయ్యలు పెరిగేది మాత్రం నదీముఖాలలో, మడ అడవులలో. కావున ఈ రెండు చోట్లను కలిపి రక్షించినప్పుడే ఈ జాతుల జీవిత చక్రం పూర్తి అవుతుంది.

ఇవి కూడా చూడండి

* రొయ్య
* క్రస్టేషియా
* మడ అడవులు
* కోరింగ వన్యప్రాణి అభయారణ్యం
* పులికాట్ సరస్సు